పాత డెస్క్‌టాప్‌కు వైఫై వస్తుందా? కొనే ముందు ఇంట్లోని ఫోనుతో పరీక్షించండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నాన్నగారి కోసం 2011లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్ ఉంది: కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, జీ41 మదర్‌బోర్డు, 2 జీబీ ర్యామ్, విండోస్ 7. ఇన్నాళ్లూ పక్కనే ఉన్న మోడెంకు కేబులుతో నడిచింది. ఇప్పుడు ఫైబర్ కనెక్షన్ పెట్టించుకున్నారు. రౌటర్‌ను కింద హాల్లో టీవీ పక్కన బిగించి వెళ్లారు. కంప్యూటరేమో మేడమీద గదిలో ఉంది, తెర మూలన వైఫై గుర్తే కనపడదు. దుకాణంలో అడిగితే ‘ఇంత పాతదానికి వైఫై రాదు, కొత్తది తీసుకోండి’ అన్నారట.

ఎందుకు రాదు? వస్తుంది. యాంటెనా ఉన్న యూఎస్‌బీ వైఫై అడాప్టర్ ఒకటి, మీటరున్నర యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబులు ఒకటి. రెండూ కలిపి వెయ్యి రూపాయల లోపే తేలిపోతుంది. అయితే కొనడానికి బయల్దేరే ముందు ఒక పరీక్ష చెబుతాను, అది చేయండి, దానికి పైసా ఖర్చు లేదు. ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పేస్తాను: కింది నుంచి మేడమీదికి నెట్‌వర్క్ కేబులు లాగే దారి ఏదైనా ఉంటే, వైఫై మాటే మరచిపోయి కేబులు లాగించుకోండి.

నేను ఇరవై ఏళ్లకు పైగా కంప్యూటర్ల రిపేరు దుకాణం నడుపుతున్నాను. ‘వైఫై రావడం లేదు’ అంటూ నా బల్ల మీదికి వచ్చిన పాత పెట్టెల్లో కంప్యూటర్ వయసే అసలు కారణమైనవి చాలా తక్కువ. యాంటెనాను పెట్టకూడని చోట పెట్టడం, డ్రైవర్ (పరికరాన్ని విండోస్ చేత నడిపించే చిన్న సాఫ్ట్‌వేరు) సరిపడకపోవడం, రౌటర్లో ఏదో ఒక సెట్టింగు. చాలావరకు ఈ మూడింట్లోనే తేలింది.

ముందు ఫోను పరీక్ష

ఇంట్లో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే తీసుకుని మేడమీద కంప్యూటర్ దగ్గరకు వెళ్లండి. ఫోనులో మొబైల్ డేటా ఆపేసి, వైఫై మాత్రం ఉంచండి. చార్జింగ్ కేబులుతో ఫోనును సీపీయూ వెనక ఉన్న యూఎస్‌బీ పోర్టుకు కలపండి. ఫోను సెట్టింగుల్లో హాట్‌స్పాట్ ఉన్నచోటే ‘యూఎస్‌బీ టెథరింగ్’ అని ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. విండోస్ 7 ఒకటి రెండు నిమిషాలు ఏవో డ్రైవర్లు సర్దుకుని, కొత్త నెట్‌వర్క్ దొరికిందని చెబుతుంది. ఇక బ్రౌజర్ తెరిచి చూడండి. మీ ఇంటి వైఫై ఫోనులోకి వచ్చి, అక్కడి నుంచి కేబులు గుండా కంప్యూటర్‌కు చేరుతుంది. అంటే ఆ కాసేపూ మీ ఫోనే వైఫై అడాప్టర్.

ఏమీ కదలకపోతే ముందు కేబులు మార్చి చూడండి. చార్జింగ్‌కు తప్ప డేటాకు పనికిరాని కేబుళ్లు ఇళ్లలో బోలెడు ఉంటాయి. మొబైల్ డేటా ఆపమన్నది ఊరికే కాదు. కొన్ని ఫోన్లు వైఫైని ఇలా పంచవు, గుట్టుచప్పుడు కాకుండా సిమ్ డేటాను వాడేస్తాయి. అప్పుడు మీకు తప్పుడు జవాబు వస్తుంది. ఐఫోను దీనికి పనికిరాదు, అది తనకు వచ్చే వైఫైని ఇలా ముందుకు పంపదు.

ఈ పరీక్షతో మూడు సంగతులు తెలుస్తాయి. రౌటర్ సిగ్నల్ ఆ గది దాకా వస్తోందా అన్నది మొదటిది. ఇక్కడ ఒక జాగ్రత్త: ఫోనులో ఉండే యాంటెనాలు, రేడియో చౌక అడాప్టర్ల కంటే మెరుగ్గా ఉంటాయి. ఫోనుకే రెండు గీతలు కనపడితే గోరంత అడాప్టర్‌కు ఒక్కటి కూడా దక్కకపోవచ్చు. రెండోది, కంప్యూటర్లో నెట్‌వర్క్ సాఫ్ట్‌వేరు ఆరోగ్యంగా ఉందా లేదా. మూడోది అన్నిటికంటే ముఖ్యం: ఇంటర్నెట్ చేతికొచ్చాక ఆ కంప్యూటర్ దాన్ని మోయగలదా?

ఒకసారి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు అడాప్టర్ కొనడానికి దుకాణానికి వచ్చారు. ముందు ఫోనుతో చూడండి మాస్టారూ అని పంపించాను. మర్నాడు ఫోను చేసి, ‘వచ్చిందయ్యా, కానీ పేపరు వెబ్‌సైటు తెరుచుకునేసరికి నేను కాఫీ తాగడం అయిపోయింది’ అన్నారు. ఆయన డబ్బులు మొదట వెళ్లవలసింది అడాప్టర్‌కు కాదు, ర్యామ్‌కూ ఎస్‌ఎస్‌డీకీ (పాత హార్డ్‌డిస్కుకు బదులు వేసే వేగమైన డిస్కు). ఆ రెండూ వేశాక అదే పెట్టె చక్కగా నడిచింది, అడాప్టర్ ఆ తర్వాత వారం తీసుకున్నారు. మీ 2 జీబీకి కూడా ఇదే వర్తిస్తుంది. జీ41 బోర్డుల్లో డీడీఆర్2 రకం ర్యామ్ పడేవీ ఉన్నాయి, డీడీఆర్3 పడేవీ ఉన్నాయి. పాత ర్యామ్ ఊడదీసి చేత్తో పట్టుకుని వెళ్లండి, నోటితో చెబితే పొరపాటు జరుగుతుంది.

ఏ అడాప్టర్ కొనాలి

పెట్టె మీద మొదట చూడవలసింది వేగం అంకె కాదు, ‘విండోస్ 7’ అన్న మాట. ఇప్పుడు వస్తున్న వైఫై 6 యూఎస్‌బీ అడాప్టర్లలో చాలావాటికి విండోస్ 10, 11లకే డ్రైవర్లు ఇస్తున్నారు. ఖరీదైనదే మంచిదనుకుని తెచ్చుకుంటే మీ కంప్యూటర్లో అది డివైజ్ మేనేజర్లో (విండోస్ చూపించే పరికరాల జాబితాలో) పసుపుపచ్చ ఆశ్చర్యార్థకం పెట్టుకుని కూర్చుంటుంది.

802.11ఎన్ అడాప్టర్ (2009 నాటి ప్రమాణం, ఇప్పుడు వైఫై 4 అంటున్నారు) మీకు సరిపోతుంది. ఎందుకంటే మీ బోర్డుకు ఉన్నవి యూఎస్‌బీ 2.0 పోర్టులు. కాగితం మీద వాటి వేగం సెకనుకు 480 మెగాబిట్లు, ఆచరణలో 300 దాటడం అరుదు. పైగా మీకు, రౌటర్‌కు మధ్య ఒక కాంక్రీటు స్లాబు ఉంది. వైఫై వచ్చే బ్యాండ్లు రెండు. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వేగంగా ఉంటుంది గానీ గోడల దగ్గరా స్లాబు దగ్గరా త్వరగా నీరసపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ అంతకంటే బాగా దూరిపోతుంది. సొంత ఇల్లు, పైన కింద వ్యవహారం కాబట్టి మీకు పనికొచ్చేది 2.4. అపార్ట్‌మెంటు అయితే నా సలహా వేరుగా ఉండేది. అక్కడ చుట్టూ ఇరవై ముప్పై రౌటర్లు అదే 2.4 మీద అరుస్తుంటాయి, రెండు బ్యాండ్లూ పట్టే 802.11ఏసీ అడాప్టర్‌కు నాలుగైదు వందలు ఎక్కువ పెట్టినా దండగ కాదు.

గోరంత ఉండే నానో అడాప్టర్లు చూడటానికి ముచ్చటగా ఉంటాయి. నాకు వాటి మీద గౌరవం లేదు. యాంటెనా గోరంత, దాన్ని గుచ్చేది ఇనప డబ్బా వెనక, ఆ డబ్బా ఉండేది బల్ల కింద గోడకు ఆనుకుని. సిగ్నల్ ఎటు నుంచి వస్తుంది మరి? వేలెడంత యాంటెనా బయటికి ఉన్నదాన్నే తీసుకోండి.

ఎక్స్‌టెన్షన్ కేబులు ఎందుకన్నానో ఇక్కడ చెప్పాలి, అసలు కిటుకు అందులోనే ఉంది. మీలాగే పైన కంప్యూటర్, కింద రౌటర్ ఉన్న ఒక ఇంట్లో నేను కొలిచి చూశాను. కనెక్షన్ 100 మెగాబిట్లది. అడాప్టర్‌ను సీపీయూ వెనక పోర్టుకు నేరుగా గుచ్చితే 6, 7 మెగాబిట్లు వచ్చాయి, అవీ నిలకడ లేకుండా. అదే అడాప్టర్‌ను మీటరున్నర కేబులుతో బల్ల మీదికి తెచ్చి మానిటర్ పక్కన పెడితే 22. మెట్ల వైపు గుమ్మానికి ఎదురుగా, పుస్తకాల అర అంచున టేపు వేసి నిలబెడితే 38. మారింది చోటు ఒక్కటే. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు. గోడలకు కొట్టుకుని వచ్చే తరంగాలు ఒకచోట కలిసి బలపడతాయి, మరోచోట ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. అందుకే యాంటెనాను నాలుగు వేళ్ల దూరం జరిపితేనే సిగ్నల్ గీత పెరగడమో తగ్గడమో కనపడుతుంది. పాత రోజుల్లో దూరదర్శన్ కోసం డాబా మీద యాంటెనా తిప్పినట్టే ఇదీ. తిప్పేవాళ్లు ఒకరు, ‘వచ్చింది, ఆగు!’ అనడానికి మరొకరు ఉంటే పని త్వరగా అవుతుంది.

కేబులు మరీ పొడుగ్గా వద్దు. మూడు మీటర్లు దాటితే కరెంటు సరిగా అందక అడాప్టర్ ఊడి ఊడి కలుస్తుంది. క్యాబినెట్ ముందు వైపు పోర్టుల జోలికీ పోకండి. అవి సన్నని తీగలతో బోర్డుకు కలిసి ఉంటాయి, పదిహేనేళ్ల క్యాబినెట్లో ఆ తీగలు ఏ స్థితిలో ఉన్నాయో చెప్పలేం. మీ కంప్యూటర్లో లేవు గానీ, నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులున్నవాళ్లు వైఫై అడాప్టర్‌ను వాటికి కాస్త దూరంగా పెట్టాలి. ఆ పోర్టుల నుంచి వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్‌ను చెడగొడుతుందని ఇంటెల్ వాళ్లే 2012లో ఒక పత్రంలో వివరించారు.

డ్రైవర్ పేచీ

పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టుంటుంది ఇది. అడాప్టర్ పనిచేయాలంటే డ్రైవర్ కావాలి, డ్రైవర్ తెచ్చుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ రావాలంటే అడాప్టర్ పనిచేయాలి. పెట్టెలో చిన్న సీడీ ఇస్తారు గానీ ఆ కాలపు కంప్యూటర్లలో సీడీ డ్రైవు ఈపాటికి నోరు తెరవడం మానేసి ఉంటుంది. మీకు మాత్రం దిగులు లేదు, ఫోను టెథరింగ్ ఉంది కదా. దాంతోనే డ్రైవర్ దింపుకోండి.

కొన్ని అడాప్టర్లు ‘డ్రైవర్ అక్కర్లేదు’ అని రాసుకుని వస్తాయి. గుచ్చగానే వైఫై రాదు, ‘కంప్యూటర్’ కిటికీలో కొత్తగా ఒక సీడీ డ్రైవు ప్రత్యక్షమవుతుంది. చాలామంది ఇది చూసి, పెన్‌డ్రైవ్ ఇచ్చి మోసం చేశారని దుకాణానికి వచ్చేస్తారు. మోసం కాదు. ఆ డ్రైవులో ఉన్న సెటప్ మీద డబుల్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ అయ్యాక, అది సీడీ వేషం తీసేసి వైఫై అడాప్టర్‌గా మారుతుంది.

పెట్టె పోయింది, పేరు తెలియదు, ఎవరో ఇచ్చిన అడాప్టర్ అయితే దాని గోత్రం కనుక్కునే దారి ఉంది. డివైజ్ మేనేజర్లో ఆ పసుపు గుర్తున్న వరుస మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్ దాకా వెళ్లండి. ‘వీఐడీ’ పక్కన నాలుగు అక్షరాలుంటాయి. 0బీడీఏ అయితే లోపలి చిప్పు రియల్‌టెక్‌ది, 148ఎఫ్ అయితే రాలింక్‌ది, 0సీఎఫ్3 అయితే ఏథెరాస్‌ది. ‘పీఐడీ’ పక్కనున్న నాలుగూ మోడల్‌ను చెబుతాయి. పైన ఏ కంపెనీ ముద్ర ఉన్నా డ్రైవర్ చూడవలసింది లోపలి చిప్పును బట్టే. కనపడిన ప్రతి ‘డ్రైవర్ డౌన్‌లోడర్’ ప్రోగ్రామునూ ఎక్కించుకోకండి. వైఫై కోసం వెళ్లి వైరస్ తెచ్చుకున్న కంప్యూటర్లు నా దగ్గరికి నెలకొకటి వస్తూనే ఉంటాయి.

లోపల బిగించే కార్డు సంగతి

దుకాణంలో ఎవరైనా దీన్ని సూచించవచ్చు. మీ బోర్డు మీద చిన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు ఒకటి ఉండే అవకాశం ఎక్కువ, దాని పక్కన పొడుగ్గా తెల్లగా ఉండేవి పాత పీసీఐ స్లాట్లు. ఇప్పుడు దొరికే వైఫై కార్డులు ఆ తెల్లవాటిలో పట్టవు. కార్డు వేగంగానే పనిచేస్తుంది, ఊడదు కూడా. కానీ దాని యాంటెనాలు మళ్లీ సీపీయూ వెనకే, గోడ వైపే తిరిగి ఉంటాయి. తీగతో బల్ల మీదికి తెచ్చుకునే యాంటెనా ఇస్తే తీసుకోవచ్చు. లేకపోతే ఎక్స్‌టెన్షన్ మీద ఉన్న చౌక యూఎస్‌బీ అడాప్టరే నయం.

ఇంట్లో పాత రౌటర్ ఉంటే

చాలామందికి తట్టని ఉపాయం ఇది, నాకైతే భలే ఇష్టం. కనెక్షన్ మారినప్పుడు పాత రౌటర్‌ను అటకెక్కిస్తాం కదా. దాన్ని దించి సెట్టింగుల్లో ‘క్లయింట్’ అనో ‘బ్రిడ్జ్’ అనో ‘రిపీటర్’ అనో ఉందేమో చూడండి. ఉంటే అది కింద ఉన్న రౌటర్ నుంచి వైఫైని అందుకుని తన లాన్ పోర్టుల్లోంచి (నెట్‌వర్క్ కేబులు గుచ్చేవి) బయటికి ఇస్తుంది. అక్కడి నుంచి జానెడు కేబులుతో కంప్యూటర్‌కు కలిపితే చాలు. కంప్యూటర్ దృష్టిలో అది మామూలు కేబులు కనెక్షనే. డ్రైవర్ గొడవ లేదు, ఏ విండోస్ అన్న పట్టింపు లేదు.

ఒక రైస్ మిల్లు వేబ్రిడ్జి గదిలో విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ ఉంది. తూకం సాఫ్ట్‌వేరు దానిమీద తప్ప నడవదు, రాసినతను ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. తూకం లెక్కలు ఆఫీసు గదిలోని కంప్యూటర్‌కు చేరాలి, మధ్యలో లారీలు తిరిగే దారి, కేబులు వేసే వీలు లేదు. ఎక్స్‌పీకి వైఫై అడాప్టర్ వెతకడం ఒక తలనొప్పి. డబ్ల్యూపీఏ2 (వైఫై భద్రతా పద్ధతి) పాస్‌వర్డ్ సరిగ్గా పట్టాలంటే మూడో సర్వీస్ ప్యాక్ అనే పెద్ద అప్‌డేట్ ఉండాలి, పైగా ఎక్స్‌పీకి డ్రైవర్లు ఇచ్చేవాళ్లే తగ్గిపోయారు. మిల్లు యజమాని ఇంట్లో మూలన పడేసిన రౌటర్‌నే క్లయింటుగా పెట్టి కిటికీలో నిలబెట్టాం. ఇప్పటికీ నడుస్తోంది. అయితే ఆ ఎక్స్‌పీకి ఇంటర్నెట్ దారి మాత్రం మూసేశాను, ఆఫీసు కంప్యూటర్‌తో తప్ప మరెవరితోనూ మాట్లాడదు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ఆగిపోయింది. దాన్ని బయటి ప్రపంచానికి చూపించడమంటే తలుపు తీసి నిద్రపోవడమే.

కేబులే మేలని ఎందుకన్నాను

మీ కంప్యూటర్లో లాన్ పోర్టు ఉంది, ఇన్నాళ్లూ పనిచేసింది. క్యాట్ 6 కేబులు 100 మీటర్ల వరకు నిక్షేపంగా నడుస్తుంది, మీకు ఇరవై మీటర్లు కూడా పట్టదు. పోర్టు పాత రకం 100 మెగాబిట్లదైనా నికరంగా 94 దాకా వస్తుంది. స్లాబు దాటి వచ్చే వైఫైలో అంత నిలకడ కలలో మాట. మెట్ల వెంబడి ప్లాస్టిక్ కేసింగులో వేయించండి.

ఒక్కటి మాత్రం వద్దు. దగ్గరి దారి కదా అని డాబా మీదుగా, బయటి గోడ మీదుగా రాగి తీగ కేబులు లాగకండి. మే, జూన్ నెలల్లో ఉరుముల వాన పడిన మర్నాడు లాన్ పోర్టు చచ్చిపోయిన కంప్యూటర్లు వరుసగా వస్తాయి. పిడుగు ఇంటి మీదే పడనక్కర్లేదు, దగ్గర్లో పడినా పొడుగాటి బయటి తీగలో పుట్టే వోల్టేజీ పోర్టును కాల్చేస్తుంది.

కరెంటు తీగల గుండా నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్ల గురించి ఎవరైనా చెబితే, డబ్బు పెట్టే ముందు మీ ఇంటి వైరింగు గుర్తుచేసుకోండి. మన ఇళ్లలో త్రీఫేజ్ మీటరుంటే కింది అంతస్తు ఒక ఫేజు మీద, పై అంతస్తు ఇంకో ఫేజు మీద ఉండటం మామూలే. మధ్యలో ఇన్వర్టర్. నేను మూడు ఇళ్లలో ప్రయత్నించి రెండింట్లో వెనక్కి తెచ్చుకున్నాను.

అన్నీ పెట్టినా రాకపోతే

నెట్‌వర్క్ పేరే జాబితాలో కనపడకపోతే, తప్పు కంప్యూటర్‌ది కాకపోవచ్చు. 2.4 మాత్రమే పట్టే అడాప్టర్‌కు 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ అసలు కనపడదు. రౌటర్లో 2.4ను ఆపేసి ఉంటే తెరవండి, రెండింటికీ ఒకే పేరుంటే 2.4కు వేరే పేరు పెట్టండి. భద్రత సెట్టింగు డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఉంటే విండోస్ 7 దానికి కలవలేదు, ‘డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3’ మిశ్రమానికి మార్చండి. ఎన్‌క్రిప్షన్ దగ్గర ఏఈఎస్ అని ఉండాలి. టీకేఐపీ పెడితే 802.11ఎన్ అడాప్టర్ కూడా పాత 54 మెగాబిట్ల వేగానికి దిగిపోతుంది.

ఇంకో చిత్రమైన కేసు. ఒకాయనకు అమెరికా నుంచి కొడుకు అడాప్టర్ పంపాడు. అది కొన్నాళ్లు చక్కగా పనిచేస్తుంది, కరెంటు పోయి వచ్చిందంటే నెట్‌వర్క్ మాయం. ఇంకోసారి కరెంటు పోతే మళ్లీ ప్రత్యక్షం. ఇంట్లో ఫోన్లన్నింటికీ మాత్రం ఎప్పుడూ కనపడుతూనే ఉంటుంది. రెండుసార్లు వెళ్లాక వెలిగింది. అక్కడి అడాప్టర్లు 2.4లో 1 నుంచి 11 వరకు ఛానెళ్లే వింటాయి. మన దగ్గర 13 వరకు వాడవచ్చు. రౌటర్‌ను ‘ఆటో’లో వదిలేయడంతో అది మళ్లీ వెలిగిన ప్రతిసారీ కొత్తగా ఛానెల్ ఎంచుకునేది, 12, 13 పడిన రోజున ఆ అడాప్టర్‌కు చెవుడు. ఛానెల్‌ను 6కు కట్టేసి వచ్చాను. మీరూ 1, 6, 11లలో ఒకటి ఎంచుకోండి. ఒకదాని మీదకొకటి ఒరిగిపోకుండా ఉండేవి ఆ మూడే.

పదేసి నిమిషాలకోసారి ఊడిపోతుంటే, డివైజ్ మేనేజర్లో అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి పవర్ మేనేజ్‌మెంట్లో మొదటి టిక్కు తీసేయండి. కరెంటు ఆదా కోసం విండోస్ దాన్ని నిద్రపుచ్చుతూ ఉంటుంది.

వైఫై గీతలు నిండుగా ఉండి, ‘కనెక్టెడ్’ అని కూడా రాసి, ఒక్క వెబ్‌సైటూ తెరుచుకోకపోతే ముందు గడియారం చూడండి. నన్ను పిలిచేసరికే ఇద్దరు చూసి వెళ్లిన కేసు ఒకటుంది. ఒకరు అడాప్టర్ మార్చారు, ఇంకొకరు విండోస్ కొత్తగా వేశారు. నేను కుర్చీలో కూర్చుని తెర మూల చూస్తే తేదీ 2010 జనవరి 1. వెబ్‌సైట్ల భద్రతా పత్రాలకు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువుంటుంది. కంప్యూటర్ తాను 2010లో ఉన్నాననుకుంటే ఆ పత్రాలన్నీ ఇంకా పుట్టనివే, అందుకని తలుపు తీయదు. తేదీ సరిచేస్తే అన్నీ తెరుచుకున్నాయి. కానీ వాళ్లింట్లో రాత్రి పడుకునే ముందు గోడ స్విచ్చు ఆపే అలవాటు, తెల్లారేసరికి మళ్లీ 2010. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది, అంతే. అది యాభై రూపాయల లోపు వస్తువు. నేను జేబులోంచి ఒకటి తీసి వేశాను. మీ కంప్యూటర్ 2011ది కాబట్టి, ఎప్పుడూ మార్చి ఉండకపోతే పనిలో పనిగా ఇప్పుడే మార్చేయండి.

విండోస్ 7 గురించి

అడగకపోయినా చెబుతున్నాను, ఎందుకంటే కంప్యూటర్ నాన్నగారిది. విండోస్ 7కు భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. క్రోమ్ బ్రౌజర్ కూడా 109వ వెర్షన్ తర్వాత దానికి రావడం లేదు. వార్తలు చదువుకోవడం, పాటలు వినడం వేరు. బ్యాంకు, పింఛను, ఆధార్ పనులు మాత్రం దాని మీద చేయనివ్వకండి, అవి ఫోనులో చేసుకోమనండి. విండోస్ 10కు మారడమూ ఇప్పుడు పెద్ద ప్రయోజనం లేని పనే, దానికీ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. ఆ ప్రాసెసర్‌తో మైక్రోసాఫ్ట్ చెప్పే విండోస్ 11 అర్హతలకు మీరు చేరరు.

మిగిలింది లినక్స్, విండోస్‌కు బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టం. ర్యామ్ 4 జీబీ చేసి, ఎస్‌ఎస్‌డీ వేసి, లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం ఎక్కిస్తే కోర్ 2 డ్యుయో మీద బాగానే నడుస్తుంది. అలా మారే ఆలోచన ఏ కొంచెం ఉన్నా అడాప్టర్ కొనేటప్పుడే చిప్పు చూసుకోండి. ఏథెరాస్ ఏఆర్9271, రాలింక్ ఆర్‌టీ5370 చిప్పులున్నవి లినక్స్‌లో గుచ్చగానే పనిచేస్తాయి. ఇందాక చెప్పిన సీడీ వేషం అడాప్టర్లు అక్కడ కొన్నిసార్లు వేషం తీయకుండా మొండికేస్తాయి.

మీ ఇంటి విషయంలో ఇంకొకటి అడగాలి. రౌటర్ టీవీ వెనక ఉందా, పక్కన ఖాళీగా ఉందా? టీవీ వెనక దాచి ఉంటే ముందు దాన్ని బయటికి తీసి, వీలైతే మెట్ల వైపు, మనిషి ఎత్తులో పెట్టించండి. మేడమీద గదిలో గుమ్మం పక్కన ఇనప బీరువా ఉంటే అదీ చెప్పండి. సిగ్నల్‌కు అది గోడ కంటే పెద్ద అడ్డు. ఫోను పరీక్ష చేశాక కంప్యూటర్ పక్కన ఎన్ని గీతలు కనపడ్డాయో, స్పీడ్ టెస్టులో ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి. 20 మెగాబిట్లకు పైగా ఉంటే మామూలు అడాప్టర్ పేరు చెబుతాను. 5 కంటే తక్కువుంటే మాత్రం ఏ అడాప్టరూ కొనకండి, మెట్ల కొలత తీసి కేబులు ఎన్ని మీటర్లు పడుతుందో రాయండి.